రెండుసార్లు పడిన వాక్యం

పెనుగొండ,
12 జూన్ 2024

చిరంజీవి హైమకు అమ్మమ్మ మంగాయమ్మ దీవించి రాసేది.

నీ గొంతునొప్పి తగ్గిందా? వేడినీళ్ళలో ఉప్పు వేసి పుక్కిలిస్తున్నావా, లేక సరే అని ఊరుకున్నావా? నీ గదిలో ఉంటున్న రాణికి కడుపులో మంట అన్నావు, ఆ పిల్ల ఆవకాయ మానిందా? మీ ఆఫీసులో పెద్దావిడ దేవకుమారి గారికి నడుం పట్టేసిందన్నావు, ఇప్పుడు వంగగలుగుతున్నారా? ఇక్కడ మీ మామయ్య అబ్బులుకి దగ్గు. మీ అత్త సూర్యకళకి మోకాలు. రామచంద్రపురంలో మీ అమ్మకి బీపీ, ఆ బీపీ చూసి మీ నాన్నకి గుండెదడ. నాకు మామూలే.

ఫోను చెయ్యొచ్చు కదా అంటావు. ఫోనులో నువ్వు చెప్పేది సగం నా చెవిన పడదు. పడని ఆ సగంలోనే ఏదో చెడ్డ కబురు ఉందని తెల్లార్లూ దొర్లుతాను. కాగితం మీదైతే మళ్ళీ మళ్ళీ చూసుకోవచ్చు. నేను చదివింది నాలుగో తరగతి. అయినా నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయని నువ్వే అనేదానివి.

ఇంతకీ నాకు నిద్ర పట్టని సంగతి ఇది. తెలుగులో ఎం.ఏ. పాసయ్యావు కదా, కాలేజీలో పాఠాలు చెబుతావనుకున్నాను. నువ్వేమో పుస్తకాలు వేసే కంపెనీలో చేరానన్నావు. ఏం పనే అంటే ప్రొఫెసర్లు రాసినదాంట్లో తప్పులు పట్టడం అన్నావు. ఆ మాట వినగానే నా చేతిలో చేట జారిపోయింది. తల్లీ, ఎవరి తప్పయినా పట్టొచ్చు గాని చదువుకున్నవాళ్ళ తప్పు పట్టకూడదు. మీ తాతయ్య ఒకసారి పెళ్ళిలో పురోహితుడు గోత్రం తప్పు చదివాడని పైకి అనేశారు. అంతే, ఆయన మళ్ళీ మన గడప తొక్కలేదు. మీ అమ్మ పెళ్ళికి పాలకొల్లు నుంచి వేరే ఆయన్ని బతిమాలి తెచ్చుకున్నాం. గోత్రానికే అలాగైతే, పుస్తకం రాసిన ఆయన ఊరుకుంటాడా?

జవాబు వెంటనే రాయి. రాకపోతే ఏదో అయిందనుకుంటాను.

అమ్మమ్మ


హైదరాబాదు,
24 జూన్ 2024

అమ్మమ్మకి హైమ నమస్కారాలు.

నా గొంతు బాగుంది, ఉప్పునీళ్ళు పుక్కిలించాను. రాణి ఆవకాయ మానలేదు, మంట మందు బిళ్ళ మింగి మరీ తింటోంది. దేవకుమారి గారు నడుముకి బెల్టు కట్టుకుని కూర్చుంటున్నారు. నువ్వు అడిగావని చెబితే నవ్వారు.

నేను ఎవరినీ తప్పు పట్టడం లేదు అమ్మమ్మా. మాది యూనివర్సిటీల్లో చదివేవాళ్ళకి పుస్తకాలు వేసే సంస్థ. ప్రొఫెసరు గారు రాసి పంపింది అచ్చుకి వెళ్ళేలోపు, చెప్పిన విషయం వరసలో ఉందా, సంవత్సరాలు సరిగ్గా పడ్డాయా, ఒకచోట ఒకలా రాసిన మాట ఇంకోచోట ఇంకోలా పడిందా అని చూడాలి. చూడ్డానికి ఇచ్చే కాగితాల్ని ప్రూఫులంటారు. ఇప్పుడు నా చేతిలో ఒక పెద్దాయన ప్రూఫులు ఉన్నాయి. నిండా ముద్రారాక్షసాలు. పగలంతా వాటితోనే పోరాటం.

వ్యాకరణం, శాసనాల భాష, మాండలికాలు చదివి ఏం చేస్తావే అని అమ్మ అడిగేది. అవన్నీ ఇక్కడ పనికొస్తున్నాయి. దేవకుమారి గారిదీ తెలుగు ఎం.ఏ.నే. ప్రూఫులు దిద్దే పనిలో చేరి, తర్వాత సహాయ సంపాదకురాలై, ఇప్పుడు ఏ పుస్తకం వెయ్యాలో ఏది వద్దో తేల్చే కుర్చీలో ఉన్నారు. నా పని నవంబరు ఆఖరుదాకా చూస్తారు. నచ్చితే ఉంచుతారు, లేకపోతే అమ్మ అన్నట్టు బీఎడ్‌కి వెళ్ళాలి. నాకు ఇక్కడే ఉండాలని ఉంది.

హైమ


పెనుగొండ,
8 జులై 2024

చిరంజీవి హైమకు అమ్మమ్మ రాసేది.

నీ ఒళ్ళు ఎలా ఉంది? నిజం రాయి. నీ ఉత్తరం అందినప్పటి నుంచీ నాకు ముద్ద దిగడం లేదు.

పక్కింటి త్రిమూర్తులు గారు తెలుసు కదా, కోర్టులో బంట్రోతుగా చేసి రిటైరయ్యారు. ఆయనకి నీ ఉత్తరం చూపించాను. ఆయన కళ్ళజోడు సర్దుకుని, "ప్రూఫులు అమ్మాయిగారి చేతిలో ఉన్నాయా అండి? ప్రూఫు అంటే సాక్ష్యమండి. ఎవరో పెద్దాయన ప్రూఫులంటున్నారు, ఇది తేలిగ్గా పోయేది కాదండి. ప్రూఫు ఎవరి చేతిలో ఉంటే ముందు వాళ్ళనే పిలుస్తారండి కోర్టుకి," అన్నారు. నేను వెంటనే దేవుడి గూటికి దండం పెట్టాను. మీ అత్త వంటింట్లోంచి, "అత్తయ్యగారండీ, ఇవాళ్టి భయం దొరికిందా? ఇంక అన్నానికి లేస్తారా?" అంది. దానికి అంతా వేళాకోళమే.

నువ్వు దేని మీదా సంతకం పెట్టకు. ఆ కాగితాలు ఎవరివో వాళ్ళకి ఇచ్చెయ్యి.

ఇంకోటి. రాక్షసాలతో పోరాటం అని నీ చేత్తోనే రాశావు. మళ్ళీ మళ్ళీ చూశాను, ఆ మాటే ఉంది. అది పాత ఇల్లా? అంతకుముందు అందులో ఎవరైనా పోయారా? పగలే అలా ఉంటే చీకటి పడ్డాక ఎలాగ? ఈ కవరులో అమ్మవారి గుళ్ళో పూజ చేయించిన ఎర్రదారం పెట్టాను. కుడిచేతికి కట్టుకో. స్నానానికైనా తీయకు. రాణికి కూడా ఒకటి పెట్టాను, పరాయి పిల్ల అయితే మాత్రం.

మొన్న ఒకటే వాన. కాలవ నిండుగా పారుతోంది. గట్టు మీద నడిచేవాళ్ళని చూస్తే గుండె గుభేల్మంటోంది, అందుకని అటు చూడ్డం మానేశాను.

అమ్మమ్మ


హైదరాబాదు,
28 జులై 2024

అమ్మమ్మకి హైమ నమస్కారాలు.

దారం కట్టుకున్నాను. రాణీ కట్టుకుంది. దేవకుమారి గారు చూసి నాకేదీ అన్నారు, ఆవిడకీ ఒకటి పంపు.

ముద్రారాక్షసం అంటే అచ్చుతప్పు. "కూర" అని ఉండాల్సిన చోట "కూన" అని పడితే అదే రాక్షసం. మనిషిని తినదు, అర్థాన్ని తింటుంది. ప్రూఫు అంటే కోర్టు సాక్ష్యం కాదని త్రిమూర్తులు గారికి చెప్పు. పిండివంటకి ముందు ఒకటి వేసి, చల్లారాక కొరికి చూస్తావు కదా, అలాంటిది.

కానీ నువ్వు మొదటి ఉత్తరంలో భయపడ్డావే, అది మాత్రం నిజమయ్యేలా ఉంది. ఆ పెద్దాయన పుస్తకంలో రెండో అధ్యాయంలో ఉన్న పేరా ఒకటి ఐదో అధ్యాయంలో మక్కీకి మక్కీ మళ్ళీ పడింది. పక్కన పెన్సిలుతో "ఇది ముందే వచ్చింది, ఒకచోట తీసేద్దామా అండి" అని రాశాను. ఆయన ఫోను చేసి, నిన్నగాక మొన్న ఎం.ఏ. పాసైన పిల్ల నాకు చెప్పాలా అని దేవకుమారి గారిమీద కేకలేశారట. ఆవిడ ఆ ప్రూఫులు తన బల్లమీద పెట్టుకున్నారు. నేను చేసింది ఒప్పో తప్పో ఇంకా తేలలేదు.

ఇది కాక ఇంకో పుస్తకం బ్లైండ్ రివ్యూలో ఉంది. దాని కాగితాలు వరసపెట్టడంతో కళ్ళు లాగేస్తున్నాయి. పడుకుంటాను.

హైమ


పెనుగొండ,
20 ఆగస్టు 2024

చిరంజీవి హైమకు అమ్మమ్మ రాసేది.

నీ ఉత్తరం త్రిమూర్తులు గారిచేత చదివించుకున్నాను. ఈమధ్య నువ్వు అక్షరాలు మరీ చీమల్లా రాస్తున్నావు. పెద్దవిగా రాయి.

ఆయన బ్లైండ్ అన్నచోట ఆగిపోయారు. ఏంటండీ అంటే, "చెప్పడానికి నోరు రావడం లేదండి, బ్లైండ్ అంటే గుడ్డి అండి," అన్నారు. కింద కళ్ళు లాగేస్తున్నాయని నువ్వే రాశావు. ఒక్కగానొక్క బిడ్డవి మీ అమ్మకి. ఆ గుడ్డి పనిలో నీ కళ్ళు ఏమైపోతాయి?

నేను అడిగేవాటికి దాచకుండా జవాబు రాయి. పొద్దున్న లేవగానే పొగమంచు పట్టినట్టు ఉంటోందా? దీపం చూస్తే దాని చుట్టూ రంగుల గుండ్రం కనపడుతోందా? ఎదురుగా మనిషి వస్తే, గొంతు వినేదాకా ఎవరో తెలియడం లేదా? ఒక కన్ను మూసి చూస్తే రెండోదానిలో అంతా గంజి పోసినట్టు తెల్లగా ఉంటోందా? అలా ఉంటే అది దానంతట అది తగ్గుతుందేమో మీ ఆఫీసులో చదువుకున్నవాళ్ళని అడిగి రాయి. ఆపరేషను అంటారేమో, దాని జోలికి పోవద్దు. మన వీధి చివర ముసలయ్య చేయించుకుని వచ్చాడు, ఆ కంటితో మళ్ళీ వెలుగు చూడలేదు. అరుగు మీద కూర్చుని అడుగుల చప్పుడుకి తల తిప్పుతాడు.

ఆ ప్రొఫెసరు గారికి క్షమించమని ఒక ముక్క రాసి పడెయ్యి. పేరా రెండుసార్లు ఉంటే ఉంది, చదివేవాళ్ళకి బాగా గుర్తుంటుంది. వచ్చెయ్యి హైమా. బీఎడ్ చదువుకుందువు గాని. నువ్వు ఇంట్లో ఉంటే నాకు ధైర్యం.

అమ్మమ్మ


హైదరాబాదు,
9 సెప్టెంబరు 2024

అమ్మమ్మకి,

నా కళ్ళు బాగున్నాయి. నువ్వు రాసినవేవీ నాకు లేవు. బ్లైండ్ రివ్యూ అంటే, రాసినవాళ్ళ పేరు కనపడకుండా చేసి, ఆ విషయం తెలిసిన ఇంకొకరికి ఇచ్చి చదివించడం. పేరు చూసి మొహమాటపడకుండా ఉండటానికి. ఎవరి కళ్ళూ పోవు.

బీఎడ్ సంగతి అమ్మ రాయమందా? నిజం చెప్పు. ఫోనులో అమ్మా అదే, ఉత్తరంలో నువ్వూ అదే. ప్రొఫెసరు గారి విషయం ఇంకా తేలలేదు. రోజూ దేవకుమారి గారి బల్ల పక్కనుంచి వెళ్తూ ఆ ప్రూఫులు కదిలాయేమోనని చూస్తున్నాను. నీ ఉత్తరం వచ్చిన రోజున పేజీలో ఉన్న తప్పు కూడా కనపడటం లేదు, వచ్చెయ్యి వచ్చెయ్యి అన్నదే కనపడుతోంది. నీ భయం నీ దగ్గర ఉంచుకో అమ్మమ్మా. నాది నాకు చాలినంత ఉంది.

అందరినీ అడిగానని చెప్పు.

హైమ


పెనుగొండ,
4 అక్టోబరు 2024

చిరంజీవి హైమకు అమ్మమ్మ రాసేది.

నిన్ను ఇక రమ్మని అడగను. మీ అమ్మ నాకేమీ చెప్పలేదు, దాన్ని ఏమీ అనకు. నువ్వు నీ పని చూసుకో. నేను బాగానే ఉన్నాను, నా గురించి దిగులు పడకు. మామయ్యకి దగ్గు తగ్గింది. నిన్న పాలు పొగి పొయ్యిమీద పడ్డాయి, మీ అత్త నవ్వింది. పెరట్లో వకాయలు బాగా కాశాయి. త్రిమూర్తులు గారు నిన్ను అడిగారు. నేను బాగానే ఉన్నాను, నా గురించి దిగులు పడకు. ఉత్తరాలు రాయకపోయినా ఫరవాలేదు, నీకు తీరిక ఉండదు.

అమ్మమ్మ


హైదరాబాదు,
20 అక్టోబరు 2024

అమ్మమ్మా,

ఈ ఉత్తరం అత్తచేత చదివించుకో. అందుకే అక్షరాలు పెద్దవిగా రాయడం లేదు. చిన్నవిగా రాసినా పెద్దవిగా రాసినా నీకు కనపడవని ఇప్పుడు నాకు తెలుసు.

నీ ఉత్తరాన్ని మొదట నీ మనవరాలిగా చదివాను. కోపం పోయిందనుకుని సంతోషించాను. తర్వాత ఎందుకో అది బల్లమీద పెట్టి, ఇక్కడ పని చేసేటట్టు చదివాను. "పొంగి"లో సున్న లేదు. "వంకాయలు"లో సున్న లేదు. నాలుగో తరగతిలో మాస్టారు నీకు సున్న గుండ్రంగా పెట్టడం నేర్పారని ఎన్నిసార్లు చెప్పావు. రెండో వరస పైకి వెళ్ళి మొదటి వరస మీదికి ఎక్కింది. "నేను బాగానే ఉన్నాను, నా గురించి దిగులు పడకు" అని రెండుసార్లు పడింది. ముందు రాసింది కనపడక, రాయలేదేమోనని మళ్ళీ రాశావు. నా ఇన్నేళ్ళ బతుకులో నువ్వు బాగున్నానని రాయడం ఇదే మొదలు. అదీ ఒకే ఉత్తరంలో రెండుసార్లు.

ఆగస్టు ఉత్తరం తీసి మళ్ళీ చదివాను. పొగమంచు, దీపం చుట్టూ గుండ్రం, గంజి పోసినట్టు తెలుపు. అవి నా కళ్ళ గురించి అడిగినవి కావు. నేను పనిలో కామా వదిలిపెట్టను గాని, ఇంత పెద్దది వదిలేశాను. పైగా నీ భయం నీ దగ్గరే ఉంచుకోమని రాశాను. నువ్వు అలాగే ఉంచుకున్నావు.

అత్తకి ఫోను చేశాను. "పట్టపగలు గోడ తడుముకుంటూ నడుస్తున్నారే. ఏంటండీ అంటే కరెంటు పోయింది కదే అంటున్నారు. నేను వేళాకోళం అనుకున్నాను," అని ఏడ్చింది. మామయ్య ఈ వారమే నిన్ను తణుకులో కంటి డాక్టరుకి చూపిస్తాడు. వద్దనకు. ముసలయ్య తాత సంగతీ అడిగాను. ఆయన కట్టు విప్పిన మూడోనాడే చేలో దిగి, బురద చేత్తో కన్ను నులుముకున్నాడట. ఆ సగం నీకెవరూ చెప్పలేదు.

ప్రొఫెసరు గారు మొన్న ప్రూఫులు తిప్పి పంపారు. ఐదో అధ్యాయంలో పేరా అడ్డంగా కొట్టేశారు. పక్కన ఒక్క మాటా లేదు. దేవకుమారి గారు ఆ పేజీ నా ముందు పెట్టి, "ఇంతకన్నా మెచ్చుకోలు మన పనిలో దొరకదమ్మా," అన్నారు. డిసెంబరు నుంచి ఉద్యోగం ఖాయమని కాగితం ఇచ్చారు.

సెలవు అడిగాను. నవంబరు ఇరవైరెండు శుక్రవారం రాత్రి రైలెక్కి, ఇరవైమూడు శనివారం పొద్దున్న తణుకులో దిగుతాను. ఆపరేషను చెయ్యాలంటే నీ పక్కన నేనుంటాను. సరేనని నీ చేత్తో రాయి. ఎన్ని తప్పులున్నా దిద్దను.

హైమ


పెనుగొండ,
6 నవంబరు 2024

చిరంజీవి హైమకు అమ్మమ్మ రాసేది.

మీ అత్త ఇచ్చిన లావుపాటి స్కెచ్ పెన్నుతో రాస్తున్నాను. పేజీకి నాలుగు వరసలే పడుతున్నాయి, అది పక్కన కూర్చుని కాగితాలు తిప్పుతోంది. సున్నాలు చూసుకోమని నేనే చెప్పాను. "మీ మనవరాలికి భయపడి నాకు ఉద్యోగం పెట్టారు," అంటోంది.

డాక్టరు రెండు కళ్ళలోనూ శుక్లాలు అన్నారు. కుడిదాంట్లో బాగా ముదిరిపోయిందట. ఇంత ముదిరేదాకా ఏం చేశారమ్మా అన్నారు. ఉత్తరాలు రాశానండి అన్నాను. రాజమండ్రిలో ఆపరేషను చెయ్యాలన్నారు. కత్తి అన్న మాట వాడలేదు గాని నాకు వినపడింది. అప్పటి నుంచీ కళ్ళు మూసుకుంటే చీకటి, తెరిస్తే మసక. రెండింటిలో ఏది ఎక్కువ భయమో తేలడం లేదు.

ఎందుకు చెప్పలేదని నువ్వు అడగలేదు. అయినా చెబుతాను. వచ్చెయ్యి వచ్చెయ్యి అన్నది నేనే, నిజమే. కళ్ళు మసకబడినకొద్దీ నువ్వు పక్కన ఉంటే బాగుండునని ఎక్కువ రాసేశాను. నీకు కోపం వచ్చింది. అప్పుడు ఆలోచించాను. కళ్ళ సంగతి చెబితే ఆ నిమిషమే పెట్టె సర్దుకుంటావు, ఆరునెలలు పూర్తికాకుండా. నాకు నువ్వు రావాలి గాని, నా కన్ను పట్టుకుని లాగితే వచ్చినట్టు కాదు. నీ పనికి అడ్డం పడిందేమిటంటే అమ్మమ్మ కన్ను అని నలుగురూ అనుకోకూడదు. ఉద్యోగం ఖాయమైందని మీ అత్త చదివింది. మళ్ళీ చదవమన్నాను. మళ్ళీ చదివింది. ఇప్పుడు నాకు భయపడటానికి కన్ను ఒక్కటే మిగిలింది.

ఆపరేషనుకి ముందు నీ మొహం ఒకసారి దగ్గరగా చూడాలి. తర్వాత ఎలా ఉంటుందో ఎవరు చూడొచ్చారు. మాట్లాడకుండా, కిటికీ దగ్గర వెలుతురులో నిలబడు. గొంతు విని గుర్తుపట్టడం నాకు వద్దు.

ఒక్క సంగతి. త్రిమూర్తులు గారిచేత పంచాంగం చూపించాను. "శుక్రవారం సాయంత్రమే అష్టమి వచ్చేస్తుందండి. అమ్మాయిగారు రైలెక్కేది అందులోనేనండి. శనివారమూ అష్టమేనండి. ఆదివారం నవమి. సోమవారం దశమి, దివ్యంగా ఉందండి," అన్నారు. అష్టమి నాడు మన ఇంట్లో ఎవరూ కాలు బయటపెట్టలేదు, నువ్వు పరీక్షకి వెళ్ళినప్పుడు కూడా పెట్టనివ్వలేదు, ముందురోజే పంపాను. సోమవారం రమ్మని రాద్దామని కూర్చున్నాను. పెన్ను మూత తీసి, పెట్టి, మళ్ళీ తీశాను. మీ అత్త ఏంటండీ అంది, ఏమీ లేదన్నాను. సోమవారానికి ఇంకా రెండురోజులు ఆగాలి.

మామయ్య తణుకు స్టేషనుకి వస్తాడు. రైలు పూర్తిగా ఆగాకే దిగు. దారం చేతికి ఉంచుకో.

ఇరవైమూడు, శనివారం. అష్టమే. రా.

అమ్మమ్మ